ఇరవై మూడు తరవాణి కుండలు

4 జులై 1954, ఆదివారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చోడవరం వచ్చి నాలుగు నెలలైంది. బుర్ర ఉన్న మనిషి ఒక్కడూ తగల్లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరంటే ఈ జనానికి వీధులూడ్పించే మేస్త్రీ. నూతిలో మందు కలిపిస్తే నీళ్ళు కంపంటారు. ఈగలు వాలిన జీళ్ళు పారబోయిస్తే ఆ కొట్టువాడికంటే కొనేవాళ్ళే ఎక్కువ ఏడుస్తారు.

చేతుల సంగతి. వేళ్ళ సందుల్లో మొదలైన దురద మణికట్టు దాటింది. ముందు ఎర్రటి పొక్కులు, తరవాత రసి, తరవాత పొలుసు. మెడ వెనక కూడా రూపాయి బిళ్ళంత మేర లేచింది. ఇక్కడి దుమ్ము, ఇక్కడి నీళ్ళు చాలవూ? గంధకం ఆయింట్‌మెంటు రాస్తున్నాను. ఇవాళ్టినుంచి రోజూ రికార్డు పెడతాను. నేను పద్ధతి గల మనిషిని.

చేతులు: ఎడమది ఎక్కువ. కడుపు: ఉబ్బరం, రెండు రోజులుగా బిగదీసుకుని ఉంది, భేది ఉప్పు వేసుకున్నాను. కడుపు సంగతికీ దీనికీ సంబంధం లేదు. ట్రైనింగులో రెండూ రాయించేవారు, ఆ అలవాటు.

7 జులై

పొద్దున్న రెండు కప్పుల కాఫీ, అనకాపల్లి నుంచి తెప్పించిన బన్ను. వీధిలో ఇలా తినే ఇల్లు మాదొక్కటే. మిగతా అందరూ తరవాణి.

ఆ కుండ గురించి రాయాలంటేనే వాంతి వస్తుంది. గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ ఒక మట్టికుండలో పోస్తారు. ఇంత ఉప్పు, ఇంత వాము, నాలుగు నిమ్మాకులు. అది పులిసి బుడగలొస్తుంటే మర్నాడు అందులో అన్నం వేసుకుని ఉల్లిపాయ నంజుకు తింటారు. రోజూ కొంత తీస్తారు, కొంత పోస్తారు. ఎప్పటికీ ఖాళీ చెయ్యరు. అత్తగారి అత్తగారి కాలం నాటి పులుపని గొప్ప! మగవాడి చెయ్యి పడితే పాడైపోతుందట, అంచేత ఆ మూలకి మగవాణ్ణి రానివ్వరు. మురికి దాచుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉందా?

రత్నం కాపురానికొస్తూ పుట్టింటినుంచి ఇలాంటి కుండే తెచ్చింది. విశాఖపట్నంలో దిగిన రోజే పెరట్లో పారబోయించాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బన్ను కాల్చి పెట్టింది. భార్యని దిద్దుకోవడం ఇంతే. ఆ తరవాత ఆమె వంటింట్లోకి నేను తొంగి చూడలేదు. చూడవలసిన అవసరమూ రాలేదు.

చేతులు: అలాగే. కడుపు: అలాగే.

12 జులై

చీడికాడ క్యాంపు. మధ్యాహ్నం ఉల్లి పకోడీలు, మూడు టీలు.

తిరిగొస్తూ బస్సు దగ్గర హోటల్లో కాఫీ అడిగితే, ఆ యజమాని నా చేతులకేసి చూసి, విడిగా పైనున్న గ్లాసు దించాడు. కూలివాళ్ళకైనా అందరిదే గ్లాసు. నాకు మాత్రం వేరే గ్లాసు. ఆ గ్లాసులు ఎలా కడగాలో వాడికి మూడుసార్లు నేర్పింది నేనే.

తాగి వచ్చాను.

13 జులై

చేతులు: పగిలాయి. కడుపు: రాయడానికి లేదు.

19 జులై

నిన్న అనకాపల్లిలో విందు భోజనం. ఇవాళ వాన. రసి. భేది ఉప్పు.

26 జులై

కాగితం వచ్చింది. ప్రొబేషను పూర్తయింది గనక, నన్ను పర్మనెంటు చేసే ముందు ఆగస్టు ముప్పయిన విశాఖపట్నంలో డాక్టరు పరీక్షకి హాజరు కావాలి. "దేహదారుఢ్యము, అంటువ్యాధులు లేకుండుట" అని ఉంది. రెండో ముక్క చదివినప్పుడు కాగితం పట్టుకున్న నా వేళ్ళే నాకు కనిపించాయి.

ఆఫీసు ప్యూను బంగార్రాజు వెనకాల నిలబడి చదివేశాడు. వెధవకి మిగతా ఏ కాగితమూ చదవడం రాదు.

"పెద్దరోగం కాదు కదండీ బాబూ?" అన్నాడు.

"ఒరే, నోరు ముయ్యి."

"నానన్లేదండి. బజార్లో అంతన్నారు."

పెద్దరోగం! కుష్ఠు! నాకు! డాక్టరు ఆ మాట రాస్తే ఉద్యోగం ఆ రోజుతో సరి. చిన్న తామర అని రాసినా, కలరా సూదులు వేసే చేతులకి తామరేమిటని ఇంటికి పంపుతారు. ముప్పై ఐదు రోజులున్నాయి. గంధకం మానేసి జింకు ఆయింట్‌మెంటు మొదలుపెట్టాను.

29 జులై

ఎదురింటి దేముడమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి, విధవరాలు, వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా పథ్యం చెప్పేది ఈవిడే. వేలిముద్ర వేసే మనిషి. నేను అరుగు మీద కూర్చుని ఆయింట్‌మెంటు రాసుకుంటుంటే వీధికి అడ్డంగా నడిచొచ్చి నిలబడింది.

"ఏటి బాబూ, గోడకి సున్నం ఏసినట్టు ఏస్తన్నావు?"

"మందు."

"సేతులకేటి తెలుస్తాది? కడుపు సూసుకో. లోపల కుళ్ళితే పైకి తన్నుతాది. తరవాణి తాగు, పదేను రోజుల్లో సూడు."

"అమ్మా, ఇది చర్మవ్యాధి. కడుపు లోపలుంటుంది, చర్మం బయటుంటుంది."

"రెండూ నీవే కదేటి?" అని వెళ్ళిపోయింది.

నవ్వొచ్చింది. వంటింట్లోంచి రత్నం కూడా నవ్వింది. నేను చెప్పిన జవాబుకే అనుకుంటాను.

9 ఆగస్టు, సోమవారం

ఏజెన్సీ సరిహద్దు గ్రామాల్లో కలరా అని కబురు. ఇదీ నా సమయం. డాక్టరు పరీక్షకి ముందు నా పేరు మీద గట్టి పని ఒకటి ఉండాలి. ఫైలు బలంగా ఉంటే చేతులెవడు చూస్తాడు?

నూతులన్నిటికీ మందు అయింది. మిగిలింది తరవాణి కుండలు. ఇంతకంటే క్రిముల పుట్ట ఏముంది? మా వీధితో మొదలుపెడతాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

చట్టప్రకారం ఒక రోజు ముందు నోటీసివ్వాలి. రేపు దండోరా, ఎల్లుండి పని. బంగార్రాజు ఈ మాట వినగానే "మా ఆవిడ కూడా ఇంటిదగ్గర తరవాణే తాగుతాదండి" అన్నాడు. చెప్పానుగా, ఒక్కడికీ బుర్ర లేదని.

11 ఆగస్టు

ఇరవై మూడు కుండలు. ఇంటింటికీ వెళ్ళి, వంటింట్లోంచి బయటికి తెప్పించి, వీధి మధ్య నా కర్రతో నేనే పగలగొట్టాను. గోల చేస్తారనుకున్నాను. ఒక్కత్తీ నోరెత్తలేదు. కాస్త చురుగ్గా నిలబడి గట్టిగా మాట్లాడితే ఈ జనం గొర్రెలు. కుండలన్నీ సగానికి సగం ఖాళీగా ఉన్నాయి. ఇంత చిన్న దానికి అంత గొప్పా!

ఆఖరికి దేముడమ్మ కుండ. తనే తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"కొట్టు బాబూ. మట్టే కదా."

కొట్టాను. రిపోర్టు రాసి పంపాను. రెండు పేజీలు. "కలరా నివారణకై ఇరవై మూడు తరవాణి కుండలు ధ్వంసము." నా దస్తూరీ బాగుంటుందని నాకెప్పుడూ తెలుసు.

చేతులు: కర్ర పట్టుకున్న చోట చర్మం ఊడింది.

17 ఆగస్టు

వీధిలో ఆడవాళ్ళకి ఉన్నట్టుండి రత్నం మీద ప్రేమ పుట్టింది. రోజూ ఆరింటికి నేను రౌండుకి బయల్దేరేసరికి ఇద్దరు ముగ్గురు చెంబులు పట్టుకుని ఎదురొస్తున్నారు. ఏమిటని అడిగితే, పెరుగు తోడుకి వస్తన్నారండి అంది రత్నం. ఇరవై మూడిళ్ళలో ఒక్కరికీ పెరుగు తోడుకోదా? సోమరులు. కుండలు పోయాక అడుక్కోవడం నేర్చుకున్నారు.

అయినా మంచిదే. అధికారి ఇంటిని ఆశ్రయించడం గౌరవానికి గుర్తు.

22 ఆగస్టు

చేతులు: మోచేతి దాకా. కడుపు: ఉబ్బరం. ఎనిమిది రోజులున్నాయి.

30 ఆగస్టు, విశాఖపట్నం

నిండు చేతుల చొక్కా వేసుకున్నాను. చెమటకి గుడ్డ పుండ్లకి అంటుకుంది. డాక్టరు పెద్దాయన, మాది పార్వతీపురం అని తనే చెప్పాడు. చొక్కా విప్పమన్నాడు.

నా కళ్ళు మూయించి గుండుసూదితో ఒక్కొక్క మచ్చ మీద గుచ్చాడు. గుచ్చినప్పుడల్లా "ఆఁ" అనమన్నాడు. నేను ప్రతిసారీ అరిచినట్టే అన్నాను. ఇరవై సార్లయినా గుచ్చి ఉంటాడు. ఒక్క చోటయినా తెలియకపోతే నా బతుకు అయిపోయినట్టే. నొప్పి పుట్టినందుకు ఇంత సంతోషపడిన మనిషి ఉండడు.

"అది కాదు, భయపడకు. ఎగ్జిమా," అన్నాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఈ పుస్తకం ఎవరూ చదవరు గనక రాస్తున్నాను.

తరవాత ఆయన అడిగిన ప్రశ్న విని నా చెవుల్ని నేనే నమ్మలేదు.

"కడుపెలా ఉంటుంది?"

ఇంగ్లీషు చదువు చదివిన మనిషి! కాఫీ ఎన్నిసార్లు, పకోడీలు తింటావా, భేది ఉప్పు ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావు అని లాయరులా లాగాడు. వారం వారం అంటే పెన్ను కింద పెట్టేశాడు.

"పైన పూత పూస్తన్నావు, లోపల తుడిచి పారేస్తన్నావు. పేగుల్లో మనకి పనికొచ్చే క్రిములు కూడా ఉంటాయి. వాటిని బతకనివ్వవా?"

క్రిమి అనేదాన్ని చంపాలనే మాకు నేర్పారు. పనికొచ్చే క్రిమి అన్న మాట ఏ పాఠంలోనూ లేదు. "చర్మానికీ కడుపుకీ ఏమిటండీ సంబంధం?" అన్నాను.

"అందరికీ ఇదేనని సెప్పలేను. కడుపు సెడిన రోజుల్లోనే వొళ్ళు రేగేవాళ్ళని నేను సాలామందిని సూశాను. నీకూ అంతేనా, లెక్క సూసుకో. ఉప్పు మాను, కాఫీ తగ్గించు. ఏటి, మీ ఇంట్లో తరవాణి లేదా?"

"లేదండీ. మా వీధిలో ఎవరింట్లోనూ లేదు."

అది నిజమే. ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు.

కాగితం మీద తాత్కాలికంగా పనికిరాడు అని రాశాడు. అక్టోబరు పదకొండున మళ్ళీ రావాలి. అప్పటికీ చేతులిలాగే ఉంటే ఈ శాఖలో నాకు పని లేదన్నాడు. ఆరు వారాలు.

2 సెప్టెంబరు

లెక్క చూసుకోమన్నాడు కదా, ఈ పుస్తకం మొదటినుంచి తిరగేశాను. జులై పన్నెండు పకోడీలు, పదమూడు చేతులు పగిలాయి. పద్దెనిమిదిన అనకాపల్లిలో విందు భోజనం, పంతొమ్మిది రసి. భేది ఉప్పు వేసుకున్న దాదాపు ప్రతిసారీ రెండో రోజుకి కొత్త పొక్కులు. తొమ్మిదిసార్లకి ఎనిమిదిసార్లు. అన్నీ నా దస్తూరీయే. పక్కపక్కనే రాసుకున్నాను, రెండింటికీ మధ్య ఒక గీత కూడా పెట్టాను.

కాకతాళీయం కావచ్చు. తొమ్మిదోసారి ఏమీ కాలేదు కదా.

భేది ఉప్పు డబ్బా పెంటకుప్ప మీద పారేశాను.

6 సెప్టెంబరు

కాఫీ మానేసి నాలుగు రోజులు. తలనొప్పి. ఇవాళ ముగ్గురిని తిట్టాను. ముగ్గురూ తిట్టాల్సినవాళ్ళే. పొక్కులు కొత్తవి రాలేదు, పాతవి పోలేదు.

8 సెప్టెంబరు

ఒక పని చేశాను. చేసినందుకు చింతలేదు, ప్రయోగం కోసం చేశాను. బంగార్రాజు ఊరు కె.కోటపాడు దగ్గర. వాళ్ళ అమ్మ కుండలోంచి ఒక సీసాడు తరవాణి తెమ్మన్నాను. ఎందుకంటే లాబరేటరీకి పంపాలన్నాను.

వెధవ సోడాసీసాలో పోసి, బిరడా గట్టిగా బిగించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆఫీసు బల్లమీద పెట్టగానే బిరడా పైకప్పుకి తగిలింది. జనన మరణాల రిజిస్టరు తడిసిపోయింది. గదంతా ఆ పుల్లటి వాసన. ఆకలేసింది. అది కూడా రాసెయ్యాలి, నాకు ఆకలేసింది.

"లాబరేటరీకి ఇంకో సీసా తెమ్మంటారేటండీ?" అని అడిగాడు. మొహం చాలా గంభీరంగా పెట్టాడు.

14 సెప్టెంబరు, మంగళవారం

ఇది నెమ్మదిగా రాయాలి.

ఆరింటికి రౌండుకి వెళ్ళాను. బజారు దాటేసరికి కడుపులో మెలిపెట్టింది. ఏడు కాకుండానే ఇంటికి తిరిగొచ్చాను. వీధి తలుపు దగ్గరకి వేసి ఉంది. లోపల ఆడవాళ్ళ మాటలు. పెరుగు తోడు జనం అనుకుని కోపంగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. ఈ ఇంట్లో ఆ గుమ్మం దాకా వెళ్ళడం ఇదే మొదటిసారి.

కట్టెల వెనక, నా నడుమంత ఎత్తు మట్టి కాగు. పక్కన పీట మీద దేముడమ్మ, చేతిలో కొబ్బరిచిప్ప గరిటె. ఆడవాళ్ళు వరసలో నిలబడి చెంబులు చాపుతున్నారు. వాము వాసన, నిమ్మాకు వాసన. రత్నం చేటతో ఈగలు తోలుతోంది. కాగు మీద మూతగుడ్డ తెల్లగా ఉతికి ఉంది. ఈ జిల్లాలో ఇంత శుభ్రంగా ఉన్న పాత్ర నేను తనిఖీ చేసినవాటిలో లేదు.

నన్ను చూసి ఎవరూ పరుగెత్తలేదు. అదే నాకు ఎక్కువ మంటెత్తించింది.

"ఏమిటిది?" అన్నాను.

దేముడమ్మే చెప్పింది. "నువ్వు పగలగొట్టిన కుండలదే బాబూ. తలా సగం పట్టుకొచ్చి ఇందల పోసేం. దండోరా ఏయించేవు కదా, ముందురోజు."

"నా ఇంట్లోనా!"

"మరెక్కడ దాస్తాం? ఈదిలో నువ్వు ఎతకని ఇల్లు ఇదొక్కటే."

అంటే ఐదు వారాలుగా నా వీధంతా నా ఇంట్లోంచే తరవాణి పట్టుకెళ్ళి తాగుతోంది. బంగార్రాజు చెప్పిన కబుర్లన్నిటిలో ఈ కబురు లేదు. వాడికీ తెలిసే ఉంటుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అని నా వెనక ఎవరో అన్నారు. ఎవరన్నారో చూడలేదు.

రత్నం వైపు తిరిగాను. "నాకు చెప్పకుండా నాక్కూడా ఇదే పెడుతున్నావా?" అన్నాను. నిజం చెప్పాలంటే, అవునంటుందని ఆశపడ్డాను.

"లేదండి. మీరొద్దన్నారు కదా. మీకు బన్నే పెడతన్నాను."

తప్పు పట్టడానికి ఏముంది? నా మాట అక్షరాలా పాటించింది. తను కూడా తాగుతూ, ఎదురుగా కూర్చుని, నేను గోక్కుంటూ బన్ను తినడం చూస్తూ పాటించింది.

చేతిలో కర్ర ఉంది. కాగుకి ఒక్క దెబ్బ చాలు. ఎవరూ అడ్డు రాలేదు. అందరూ నా చేతులకేసి చూస్తున్నారు, కర్రకేసి కాదు. నేను కూడా చూసుకున్నాను. కర్ర గుమ్మానికి ఆనించి, పెరటి దొడ్డికి వెళ్ళిపోయాను. కడుపు ఆగలేదు.

15 సెప్టెంబరు

ఇరవై ఆరు రోజులు.

రత్నాన్ని పిలిచి, డాక్టరు ఒక ప్రయోగం చెయ్యమన్నాడు, రేపట్నుంచి నాకూ ఒక గిన్నెడు పెట్టు అన్నాను. ఏమీ తొణకలేదు.

"అది నాదొక్కదాన్దీ కాదండి. ఈది ఆడోళ్ళందరిదీ. దేముడమ్మత్తని అడగండి."

"నా ఇంట్లో ఉన్నదాన్ని నేను ఇంకొకరిని అడగాలా?"

"అడగొద్దులెండి. బన్నుంది."

16 సెప్టెంబరు

అడిగాను.

దేముడమ్మ అరుగు మీద చేటతో చోళ్ళు చెరుగుతోంది. వీధిలో నిలబడి, డాక్టరు గారు ప్రయోగం అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, "నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాను. ఆ మాట చెప్పకుండా ఎంతసేపైనా మాట్లాడగలననుకున్నాను. అదే ముందొచ్చింది.

చేట పక్కన పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. రసి ఉన్న చోట కూడా పట్టుకుంది. చోడవరంలో నా చెయ్యి పట్టుకున్న మనిషి ఈవిడే.

"ఉద్యోగం పోతే మరెక్కడికెల్తావు?"

"మా ఊరు. ఇక్కడికి కొత్త ఇన్‌స్పెక్టరు వస్తాడు."

లేచి, వీధిలో ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడి వచ్చింది. "సరే, రేపట్నుంచి రత్నం పెడతాది. కాఫీ ఒగ్గెయ్యి. నూనె సరుకులు ఒగ్గెయ్యి. ఒకపూట తిని ఒకపూట మానీకు," అంది.

కొట్టిన వాణ్ణి క్షమించింది. ఎంతయినా హోదా అంటే ఆ తరం వాళ్ళకి భయభక్తులున్నాయి.

17 సెప్టెంబరు

పుల్లగా ఉంది. అంత చెడ్డగా లేదు.

18 సెప్టెంబరు

రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఉల్లిపాయ కంటే పచ్చిమిరపకాయ బాగుంది.

24 సెప్టెంబరు

కడుపు: తేలిక. భేది ఉప్పు లేకుండానే మూడు రోజులు వరసగా విరేచనమైంది. చేతులు: రసి ఆగింది. జింకు ఆయింట్‌మెంటు పని చేస్తున్నట్టుంది.

పైన రాసిన ఆఖరి వాక్యం చదివితే నాకే నవ్వొచ్చింది. ఆ ఆయింట్‌మెంటు రెండు నెలలుగా రాస్తున్నాను.

1 అక్టోబరు

మోచేతుల దగ్గర కొత్త చర్మం. గులాబీ రంగు. వేళ్ళ సందుల్లో ఇంకా ఉంది. మెడ మీద మచ్చ మాత్రమే. చీడికాడ బస్సు దగ్గర హోటలువాడు అందరి గ్లాసులోనే మజ్జిగిచ్చాడు. ఆ గ్లాసు సరిగ్గా కడగలేదు. అయినా తాగాను.

5 అక్టోబరు

పండగని పొరుగింటివాళ్ళు గారెలు పంపితే ఆరు తిన్నాను. రేపు చూడాలి.

6 అక్టోబరు

చూశాను. కుడిచేతి మీద నాలుగు పొక్కులు. ఐదు రోజులే ఉన్నాయి. దేముడమ్మ తిట్టిన తిట్లు రాయడానికి లేదు. ఈ పుస్తకం ఎవరూ చదవకపోయినా లేదు.

11 అక్టోబరు, విశాఖపట్నం

పాస్.

అదే డాక్టరు. చేతులు కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. వేళ్ళ సందులు విడదీసి చూశాడు. పొక్కులు మాడిపోయాయి. బల్ల మీద నా ఫైలు తెరిచి ఉంది, అన్నిటికంటే పైన నా ఆగస్టు రిపోర్టు. దాని కింద ఎవరో పై అధికారి ఎర్ర సిరాతో "మెచ్చదగినది" అని రాశాడు.

డాక్టరు అది చదివి, నా చేతులు చూసి, మళ్ళీ అది చదివాడు.

"బాగా తగ్గింది. ఏటి తిన్నావు?"

నిజం చెబితే ఆ ఎర్ర సిరా ఏమవుతుంది? ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆ రిపోర్టు మీదే ఆని ఉంది.

"జింకు ఆయింట్‌మెంటు రాశానండీ."

"రాసింది అడగలేదు. తిన్నది అడిగాను."

"మజ్జిగండీ."

"ఎవరింటి మజ్జిగ?" అని నవ్వి, జవాబు కోసం చూడకుండా సంతకం పెట్టాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ కాగితం జేబులో తడుముకుంటూనే ఉన్నాను. సంతోషంగా ఉండాలి. ఉన్నాను కూడా. కానీ అబద్ధం చెప్పినప్పుడు ఆ ముసలాయన నవ్వు, చిన్నపిల్లాడు జేబులో బెల్లం దాచుకుంటే చూసినట్టుంది.

12 అక్టోబరు, మంగళవారం

పొద్దున్నే కాగితం పట్టుకుని దేముడమ్మ అరుగు దగ్గరికి వెళ్ళాను. నాలాంటి వాడు తనంత తాను వెళ్ళడమంటే చిన్న విషయం కాదు. చెంబులు పట్టుకుని మా ఇంట్లోంచి వస్తున్న ఆడవాళ్ళు కూడా ఆగారు. ఉద్యోగం ఖాయమైందని చెప్పాను. అందరి మొహాలూ వెలిగాయి. నా మీద ఇంత అభిమానమా అనుకుని చొక్కా సర్దుకున్నాను.

"అమ్మా, మీ కుండలు పగలగొట్టినవాణ్ణి. అయినా అడగ్గానే పెట్టించారు. మీ మంచితనం మరచిపోను," అన్నాను. చాలా బాగా చెప్పానని ఇప్పటికీ అనుకుంటున్నాను.

దేముడమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"మంచితనం ఏటి బాబూ? నువ్వే సెప్పేవు కదా, నువ్వెల్తే కొత్తోడొస్తాడని. ఆడు ఎలాటోడో ఎవుడికి తెలుసు? ఇల్లిల్లూ ఎతికేత్తాడేమో. దండోరా ఎయ్యకుండా వొచ్చెత్తాడేమో. నువ్వయితే మాకు తెలుసు. ముందురోజు సెప్పి వొస్తావు, సగం కుండ కొట్టి ఎల్లిపోతావు, నీ ఇంట్లో కాగున్నా నీకు ఐదు వారాలు కనబడదు. నీలాటోడు మాకు మళ్ళీ దొరుకుతాడేటి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. అందరూ అవునన్నట్టు తలూపారు, వాళ్ళలో రత్నం కూడా ఉంది. ఎగతాళి కాదు. వాళ్ళు కూర్చుని, మాట్లాడుకుని, నా విషయం ఇలా తేల్చుకున్నారు.

కోపం రావాలి. ఇందాకటినుంచి వస్తుందేమోనని చూస్తున్నాను. రావడం లేదు, సిగ్గేస్తోంది. ఈ ఊళ్ళో బుర్ర ఉన్నవాడు ఒక్కడూ లేడని నేను రాసుకుంటుంటే, ఇరవై మూడిళ్ళ ఆడవాళ్ళు నన్ను తూచి చూసి, ఇంతకంటే చేతకాని ఇన్‌స్పెక్టరు దొరకడని ఖాయం చేసుకుని, నా ఉద్యోగం నిలబెట్టారు.